వాటర్ పంప్ పోతే ఇంజిన్ పోయినట్టేనా? కారు కూలింగ్ సిస్టమ్‌లో ఏది మార్చాలి, ఏది అక్కర్లేదు?

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ - విజయవాడ హైవే మీద బానెట్ ఎత్తి పెట్టుకుని, పక్కన నీళ్ల క్యాన్‌తో నిలబడిన కార్లు కనిపించడం కొత్తేమీ కాదు. నాగ్‌పుర్ రోడ్డు మీదైనా, జైపుర్ దారిలోనైనా, సరిహద్దు అవతల సింధ్‌లోనైనా వేసవి మధ్యాహ్నాల్లో ఇదే పరిస్థితి. ‘ఇంజిన్ హీటెక్కింది, కాసిన్ని నీళ్లు పోస్తే సర్దుకుంటుంది’ అనుకుని చాలామంది మళ్లీ బయల్దేరతారు. కొందరు ఇంటికి చేరతారు. కొందరికి మాత్రం కొద్ది వేల రూపాయల్లో పోయే రిపేరు ఇంజిన్ విప్పే దాకా వెళుతుంది.

ఈ రెండింటికీ మధ్య తేడా చాలాసార్లు ఒక్క చిన్న భాగం దగ్గరే ఉంటుంది. అదే వాటర్ పంప్. దీన్ని మార్చాలని మెకానిక్ చెప్పినప్పుడు, దాంతోపాటు థర్మోస్టాట్, బెల్టు, గొట్టాలు, కూలెంట్ అంటూ జాబితా పెరుగుతూ పోతుంది. అందులో ఏది నిజంగా అవసరం? ఏది బిల్లు పెంచడానికి? ఇది తెలియాలంటే ముందు ఆ వేడి ఎక్కడికి పోతుందో చూడాలి.

మూడో వంతు వేడి నీళ్ల పాలే

ఇంజిన్‌లో కాలిన ఇంధనం నుంచి వచ్చే శక్తిలో బండిని నడిపించేది సుమారు మూడో వంతే. మరో మూడో వంతు సైలెన్సర్ పొగతో బయటికి పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి వదిలేస్తుంది. ఇంధనం మండే క్షణంలో సిలిండర్ లోపల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ సిలిండర్ పైన మూతలా ఉండే ‘హెడ్’ నేటి కార్లలో అల్యూమినియంతో చేసినది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అంటే, హెడ్ తన ఆకారంలో తాను ఉండగలుగుతోందంటే దాని లోపలి సన్నని దారుల్లో ద్రవం ఆగకుండా తిరుగుతుండటమే కారణం.

ఆ ద్రవాన్ని తిప్పేదే వాటర్ పంప్. నిర్మాణం చూస్తే బావి దగ్గరి మోటారు పంపు లాంటిదే. ఒక ఇరుసు, దాని చివర రెక్కల చక్రం, ఇరుసు సాఫీగా తిరగడానికి బేరింగ్, కూలెంట్ బయటికి రాకుండా ఒక సీల్. ఇరుసును ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. టయోటా 2009లో తెచ్చిన మూడో తరం ప్రియస్ లాంటి హైబ్రిడ్ కార్లలో బెల్టు లేకుండా కరెంటుతో తిరిగే పంపు ఉంటుంది. ‘ఎలక్ట్రిక్ కారు కొంటే ఈ బెడద ఉండదు’ అనుకోవడానికీ లేదు. బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే నెక్సాన్ ఈవీ లాంటి వాటిలోనూ కూలెంట్ ఉంటుంది, పంపూ ఉంటుంది.

పంపులో సాధారణంగా ముందుగా పోయేది సీల్. సీల్ పాడైతే కూలెంట్ నేరుగా బేరింగ్‌లోకి వెళ్లకుండా పంపు ఒంటికి కింది వైపు ఒక చిన్న రంధ్రం పెడతారు. సీల్ దాటి వచ్చిన చుక్కలు అక్కడి నుంచి బయటికి కారతాయి. ఆ రంధ్రం చుట్టూ ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో ఎండిన మరక కనిపించిందంటే పంపు ‘నా పని అయిపోతోంది’ అని ముందే చెబుతున్నట్టు. కారుతోంది కదా అని ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేయడం కొన్ని షెడ్లలో జరుగుతుంటుంది. అలా చేస్తే కూలెంట్ బేరింగ్‌లోకి దిగుతుంది. బేరింగ్ పట్టేస్తే బెల్టు తెగుతుంది.

లక్షణాన్ని బట్టి దోషి ఎవరో తెలుస్తుంది

వేడెక్కిన ప్రతిసారీ తప్పు పంపుదే కాదు. ఎప్పుడు వేడెక్కుతోందన్నది గమనిస్తే సగం సమాధానం దొరుకుతుంది.

సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కి, హైవే ఎక్కగానే సర్దుకుంటుంటే ముందుగా రేడియేటర్ ఫ్యాన్‌ను అనుమానించాలి. బండి వేగంగా వెళుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడినప్పుడే ఫ్యాన్ అవసరం. ఫ్యాన్ మోటారు, రిలే, ఫ్యూజు, ఉష్ణోగ్రత సెన్సర్ చూస్తే సరిపోయే చోట పంపు మార్చేసి డబ్బు తీసుకున్న ఉదంతాలు తక్కువేమీ కాదు.

దీనికి భిన్నంగా ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద వేగం పెంచినప్పుడు, శ్రీశైలం లాంటి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంటే ప్రవాహం చాలడం లేదని అర్థం. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు. థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు. పంపు రెక్కలు తుప్పుకు అరిగిపోయి ఉండొచ్చు. ప్లాస్టిక్ రెక్కలున్న పంపుల్లో ఆ చక్రం ఇరుసు మీద వదులై, ఇరుసు తిరుగుతున్నా చక్రం తిరగని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు బయటికి చుక్క కూడా కారదు. చూడటానికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

బెల్టు వైపు నుంచి కీచుమనో, గరగరమనో శబ్దం వస్తుంటే బేరింగ్. ఇంజిన్ ఆపి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో అటూ ఇటూ కదిపితే ఆట తెలిసిపోతుంది.

చాలామంది పట్టించుకోని సంకేతం ఇంకోటుంది. ఎండలో నడుస్తుండగా ఏసీ ఉన్నట్టుండి చల్లదనం ఆపేయడం. ఇంజిన్ పరిమితికి మించి వేడెక్కితే భారం తగ్గించడానికి చాలా కార్లలో కంప్యూటరే ఏసీ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఏసీ గ్యాస్ అయిపోయిందనుకుని డ్రైవర్ అలాగే నడిపేస్తాడు. పైగా చాలా చిన్న కార్లలో ఉష్ణోగ్రత చూపే ముల్లు ఉండటం లేదు. ఎర్ర దీపం ఒక్కటే ఉంటుంది. అది వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. ముల్లు ఉన్న కార్లలోనూ ఒక మోసం ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ గాలిలో మిగిలిపోయి, అసలు వేడి కంటే తక్కువ చూపించొచ్చు. పైకెళ్లిన ముల్లు తనంతట తాను కిందికి దిగిందంటే సంతోషించాల్సిన విషయం కాకపోవచ్చు.

ఎర్ర దీపం వెలిగితే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపాలి. వెంటనే ఆపే చోటు లేకపోతే క్యాబిన్ హీటర్‌ను పూర్తి వేడి మీద, ఫ్యాన్‌ను పూర్తి వేగం మీద పెట్టాలి. మే నెలలో నరకంలా ఉంటుంది నిజమే. కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి కొంత వేడిని లాగేస్తుంది.

ఆ తర్వాత చేయకూడని పని రేడియేటర్ మూత తిప్పడం. కారు కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ కుక్కర్ సూత్రంతోనే పని చేస్తుంది. మూత మీద 0.9 అనో, 1.1 అనో రాసి ఉండేది అది ఎన్ని బార్ల ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుందన్న లెక్క. సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిలో మామూలు నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. నీళ్లు, గ్లైకాల్ సగం సగం ఉంటే ఆ గీత ఇంకా పైకి వెళుతుంది. మూత తెరిచిన క్షణంలో ఒత్తిడి పోయి ఆ ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరిగా మారి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గొట్టాన్ని ముట్టుకుంటే మామూలు వేడిలా అనిపించే దాకా, కనీసం అరగంటైనా, ఆగాల్సిందే. ఇంజిన్ కాలిపోతున్నప్పుడు చల్లటి నీళ్లు పోయడమూ ప్రమాదమే, ఒక్కసారిగా చల్లబడిన లోహం పగలొచ్చు.

ఇంజిన్‌ను బట్టి బిల్లు

వాటర్ పంప్ మార్చడానికి ఎంతవుతుంది? దీనికి ఒకే సమాధానం లేకపోవడానికి కారణం పంపు ధర కాదు, దాన్ని చేరుకునే దారి.

స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో లాంటి కార్లలో ఏళ్ల తరబడి వచ్చిన ఫియట్ 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది. పంపును ఆల్టర్నేటర్ వైపు తిరిగే బయటి బెల్టు నడుపుతుంది. కాబట్టి పంపు మార్చాలంటే ఇంజిన్ లోపలి లెక్కలేవీ కదపక్కర్లేదు.

డస్టర్, లోగాన్, టెరానోల్లో వచ్చిన రెనో 1.5 డీజిల్ సంగతి వేరు. అందులో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. పోలో, వెంటో, రాపిడ్‌లలోని 1.5 టీడీఐ కూడా అంతే. ఈ బెల్టు పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగలకుండా తాళం తప్పకుండా నడిపిస్తుంది. అది తెగినా, పళ్లు జారినా పైకి వచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. అందుకే ఈ రకం ఇంజిన్లలో పంపు, టైమింగ్ బెల్టు, దాన్ని బిగించే టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు అన్నీ కలిపి ఒకేసారి మారుస్తారు. ఇక్కడ మెకానిక్ జాబితా పెద్దదిగా ఇస్తే అనుమానించక్కర్లేదు. పంపు ఒక్కటే మార్చి పాత బెల్టును మళ్లీ ఎక్కిస్తానన్నవాడినే అనుమానించాలి. విప్పడానికి పట్టే లేబర్ ఒకటే. ఆరు నెలలకు బెల్టు తెగితే అదే లేబర్ మళ్లీ, దాంతోపాటు హెడ్ పని.

పైగా, ఈ ఇంజిన్ల మీద చేయి పెట్టే షెడ్డులో క్రాంక్, క్యామ్ షాఫ్టులను కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ ఉండాలి. వైటెనర్‌తో గుర్తులు పెట్టుకుని చేసేస్తామనే చోట ఇవ్వకపోవడమే మంచిది.

టైగూన్, కుషాక్, వర్చస్, స్లావియాల్లోని 1.0 టీఎస్‌ఐలో మూడో పద్ధతి ఉంది. పంపు గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. క్యామ్ షాఫ్ట్ నుంచి ఒక చిన్న పళ్ల బెల్టు దాన్ని తిప్పుతుంది. థర్మోస్టాట్ కూడా ఆ భాగంతోనే కలిసి ఉంటుంది.

దీని ప్రకారం, ఎస్టిమేట్ అడిగేటప్పుడు మొదటి ప్రశ్న ‘పంపు ఎంత?’ కాదు. ‘ఈ ఇంజిన్‌లో పంపును ఏ బెల్టు తిప్పుతుంది?’ అన్నది. మెకానిక్ తడుముకోకుండా జవాబు చెబితే బండి అతనికి తెలుసని అర్థం.

మార్చేటప్పుడు ఏం జరుగుతుంది?

పని మొదలయ్యేది చల్లారిన ఇంజిన్‌తో. కూలెంట్ కిందికి వదిలి, బెల్టు తీసి, పుల్లీ విప్పి, పంపు బోల్టులు తీస్తారు. ఈ బోల్టులు చాలా ఇంజిన్లలో ఒకే పొడవు ఉండవు. ఏది ఏ రంధ్రంలోదో ఒక అట్ట ముక్క మీద గుచ్చి పెట్టుకునే మెకానిక్ పని నమ్మదగినది.

ఆ తర్వాతి పది నిమిషాలు పైకి ఎంత సాదాసీదాగా కనిపిస్తాయో అంత కీలకం. పాత గ్యాస్కెట్ ఆనవాళ్లు పూర్తిగా పోయేలా ఇంజిన్ ముఖాన్ని శుభ్రం చేయాలి. అల్యూమినియం మెత్తటిది కాబట్టి స్క్రూడ్రైవర్‌తో గీకితే పడే ఒక్క గాడి చాలు, కొత్త పంపు వేసినా అక్కడి నుంచే కారుతుంది. కొత్త గ్యాస్కెట్ లేదా రబ్బరు రింగు తప్పనిసరి. ఇక సిలికాన్ గమ్ విషయంలో మన షెడ్లలో చేయి కాస్త ధారాళం. కంపెనీ చెప్పిన చోట సన్నటి గీతగా పెట్టాల్సిందాన్ని అన్ని చోట్లా పూసేస్తారు. బిగించినప్పుడు లోపలికి పొంగిన గమ్ ముక్కలు విడిపోయి రేడియేటర్ సన్నని గొట్టాల్లో ఇరుక్కుంటాయి. బోల్టులను కూడా బలం కొద్దీ కాకుండా టార్క్ రెంచ్‌తో, అడ్డదిడ్డంగా ఎదురెదురు బోల్టులు చూసుకుంటూ బిగించాలి.

కొత్త కూలెంట్ పోశాక లోపల చిక్కుకున్న గాలిని తీయడం అసలు పరీక్ష. గాలి బుడగ హెడ్‌లో మిగిలితే కొత్త పంపు వేసిన రోజే ఇంజిన్ వేడెక్కుతుంది. హీటర్ వేడి మీద పెట్టి, ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచి, ఎయిర్ బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, ఫ్యాన్ కనీసం రెండుసార్లు తనంతట తాను తిరిగి ఆగేదాకా చూడాలి. మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసుకోవాలి, కొంచెం తగ్గడం మామూలే.

థర్మోస్టాట్ తీసి పారేస్తే?

‘మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్, తీసేద్దాం’ అనే సలహా దేశమంతటా వినిపిస్తుంది. ఇది ఎంత పాతదో అంత తప్పు. థర్మోస్టాట్ మైనంతో పని చేసే ఒక తలుపు. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. దాన్ని తీసేస్తే ఇంజిన్ సరైన వేడికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఇంధనం ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో తేమ నిలిచి బురదలా మారుతుంది. కొన్ని ఇంజిన్లలో అసలు ఉద్దేశానికే ఎదురు తిరుగుతుంది. వేడెక్కాక రేడియేటర్‌కు వెళ్లని అడ్డదారిని మూసేది కూడా ఆ థర్మోస్టాటే. అది లేకపోతే కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది.

పంపు విప్పినప్పుడు కొత్త థర్మోస్టాట్ వేయించడం మాత్రం సబబు. ధర తక్కువ, కూలెంట్ ఎలాగూ దించేశారు. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడితే అదీ అంతే. గొట్టాలు నొక్కి చూస్తే చెబుతాయి. రాయిలా గట్టిగా ఉన్నా, క్లాంపు దగ్గర ఉబ్బి మెత్తబడినా మార్చాలి. బాగుంటే వదిలేయొచ్చు. రేడియేటర్ కారకుండా, ప్రవాహం సరిగ్గా ఉంటే పంపుతోపాటు దాన్నీ మార్చాలనడానికి ఆధారం లేదు.

బోర్ నీళ్లు చేసే నష్టం

పంపులు తొందరగా పోవడానికి మన దగ్గర ఉన్న పెద్ద కారణం పంపులో లేదు, అందులో పోసే నీళ్లలో ఉంది. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలిన చోట గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరలా పేరుకుంటాయి. ఇంజిన్‌లో అత్యంత వేడిగా ఉండేది హెడ్ కాబట్టి, చల్లదనం ఎక్కువ కావాల్సిన చోటే ఆ పొర అడ్డు గోడవుతుంది. పొర నుంచి ఊడిన గరుకు రేణువులు పంపు సీల్‌ను గీకుతాయి. నీళ్లలోని క్లోరైడ్ అల్యూమినియాన్ని తినేస్తుంది.

‘ఇక్కడ మంచు కురవదు కదా, కూలెంట్ ఎందుకు?’ అనే ప్రశ్న న్యాయంగానే అనిపిస్తుంది. లద్దాఖ్ వెళ్లే బండికి సగం సగం మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా కాపాడుతుంది. అనంతపురానికి ఆ గుణంతో పని లేదు. కానీ కూలెంట్‌లో గ్లైకాల్ ఒక్కటే ఉండదు. తుప్పును ఆపే రసాయనాలూ ఉంటాయి. వాటి కోసమే అది కావాలి. దారిలో వేరే గత్యంతరం లేక మామూలు నీళ్లు పోయాల్సి వస్తే పోయొచ్చు. ఇల్లు చేరాక దాన్ని దించేసి సరైన మిశ్రమం పోయించాలి.

రంగు చూసి కూలెంట్ కొనడం కూడా పొరపాటే. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనేవి కంపెనీలు తమ ఇష్టం కొద్దీ వేసే రంగులు. జపాన్, కొరియా కార్ల తయారీదార్లు ఎక్కువగా ఫాస్ఫేట్ ఉన్న, సిలికేట్ లేని రకాన్ని కోరుతారు. యూరప్ కంపెనీలు ఫాస్ఫేట్ వద్దంటాయి, ఎందుకంటే అక్కడి కఠిన జలంతో అది పొర కడుతుంది. పొంతన లేని రెండు రకాలు కలిపితే రక్షణ తగ్గుతుంది, కొన్నిసార్లు జిగురులా తేలుతుంది. ఓనర్ మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో అదే కొనాలి. డబ్బా మీద ‘కాన్సన్‌ట్రేట్’ అని ఉందా, ‘రెడీ టు యూజ్’ అని ఉందా చూసుకోవాలి. రెండోదానికి మళ్లీ నీళ్లు కలిపే షెడ్లు ఉన్నాయి. మొదటి దానికి డిస్టిల్డ్ లేదా మినరల్స్ తీసేసిన నీళ్లే కలపాలి.

బిల్లు అడగండి, పాత పంపు కూడా

2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పులతో వాహన విడిభాగాలన్నిటి మీదా పన్ను 18 శాతమే. అంతకుముందు చాలా భాగాల మీద 28 శాతం ఉండేది. పాత రేటుతో ఎస్టిమేట్ ఇస్తే అడగొచ్చు. దిల్లీ కశ్మీరీ గేట్‌లో కొన్నా, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కొన్నా బిల్లు లేని పంపుకు వారంటీ లేనట్టే. రెండు పంపుల్ని చేతిలో పెట్టి చూస్తే నకిలీది చాలాసార్లు బయటపడుతుంది. పోత గరుకుగా, రెక్కలు వంకరగా, పార్ట్ నంబర్ అచ్చు మసకగా ఉంటుంది.

బిల్లు ఇవ్వడానికి నిరాకరించడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. పాత భాగాలను తిరిగి ఇవ్వమని పని మొదలయ్యే ముందే చెప్పాలి. పాత పంపు చేతికొస్తే రంధ్రం దగ్గర మరక, బేరింగ్ ఆట, రెక్కల అరుగుదల ఎవరికి వారే చూసుకోవచ్చు.

ఒకసారి గట్టిగా వేడెక్కిన ఇంజిన్‌కు పంపు మార్చి వదిలేయకూడదు. తెల్లటి, తియ్యటి వాసన వచ్చే పొగ, ఆయిల్ మూత కింద వెన్నలాంటి తెట్టు, కూలెంట్ డబ్బాలో ఆగని బుడగలు హెడ్ గ్యాస్కెట్ పోయిందనడానికి గుర్తులు. పొగ వాయువు కూలెంట్‌లో కలుస్తోందో లేదో రంగు మారే ద్రవంతో పరీక్షించే పరికరం ఖరీదైనదేమీ కాదు. హెడ్ వంగిందని తేలితే లేత్ వర్క్‌షాపులో ఫేసింగ్ చేయించాలి. ఆ దశలో పంపు ఖర్చు మొత్తం బిల్లులో చిన్న భాగమే అవుతుంది.

దించిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందు కాలువలో పారబోయడం మన దగ్గర అలవాటు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకుతాయి. 2022లో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిన భారత తయారీ దగ్గు మందుల్లో పరిమితికి మించి కనిపించిన రెండు రసాయనాల్లో ఇదీ ఒకటి. ఇది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాత కూలెంట్‌ను మూత బిగించిన డబ్బాలో పట్టి, వ్యర్థాలను సేకరించే అధీకృత వర్క్‌షాపుకు ఇవ్వాలి. తాగే నీళ్ల సీసాల్లో మాత్రం ఎప్పుడూ పోసి ఉంచకూడదు. పిల్లలెవరైనా మింగారన్న అనుమానం వస్తే లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దీనికి విరుగుడు చికిత్స ఉంది, అయితే మొదటి గంటల్లో ఇస్తేనే బాగా పని చేస్తుంది.